హానా రోడ్డు మీద అమ్మ డ్రైవింగ్

మా చిన్నప్పుడు... హవాయిలోని మౌయి దీవిలో, నల్ల ఇసుక ఒడ్డున రెండు టెంట్లు వేసుకున్నాం. ఒకదాంట్లో అమ్మ, నాన్న, నేను. రెండోదాంట్లో నర్సాపురం నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చిన పెద్దమ్మ, పెదనాన్న.

ఎనభైల మొదట్లో సంగతి. నాకు తొమ్మిదేళ్ళు. నాన్న డెట్రాయిట్‌లో కార్ల కంపెనీ ఇంజనీరు. మా ఇల్లు ఫార్మింగ్టన్ హిల్స్‌లో. పెద్దమ్మ ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచరు. డిసెంబరులో మా ఇంటికొచ్చి, కిటికీలోంచి మంచు చూసీ చూసీ విసిగిపోయింది. "ఈ సుద్దపొడి చాలు గానీ మరిదిగారూ, మీ అమెరికాలో పచ్చటి చోటే లేదా?" అంది.

అలా హవాయి వెళ్ళాం... హోటళ్ళకి స్థోమత లేదు కాబట్టి అద్దె వాన్, అరువు టెంట్లు, సత్తు గిన్నెలు, ఆవకాయ జాడీ. పెదనాన్న చేతిలో ఆయన మరచెంబు.

హానా ఊరికి వెళ్ళే దారంతా అడవే... పాము మెలికలు తిరిగినట్టు రోడ్డు. ఒక పక్క కొండ, మరో పక్క లోయ, దాని కింద సముద్రం. వెదురు పొదలు, నాచు పట్టిన మానులు, మలుపు మలుపుకీ ఒక జలపాతం. రోడ్డు మీద రాలిన జామపళ్ళు చక్రాల కింద నలిగి వాన్ నిండా ఆ వాసనే. ఒడ్డున మొగలి పొదలు, మడుల్లో చామ ఆకులు చూసి పెద్దమ్మ, "ఇంత దూరం విమానమెక్కి మా పెరట్లోకే వచ్చాం కదే!" అని చప్పట్లు కొట్టింది.

రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడో రోజు పొద్దున్న, వాగులో నీళ్ళు పట్టబోయి నాన్న రాయి మీద జారాడు. కుడి చీలమండ బూరెలా పొంగిపోయింది. పెదనాన్న భుజం పట్టుకుని కుంటుతూ వెళ్తే, ఊళ్ళోని చిన్న క్లినిక్‌లో కట్టు కట్టి, ఎక్స్‌రే తీయాలంటే అడవి దాటి అవతలి టౌన్‌కి వెళ్ళాలన్నారు. అప్పటికే వాన మొదలైంది. "వెళ్తే ఇప్పుడే వెళ్ళండి, వాన ముదిరితే దారి మూసేస్తారు" అని నర్సు హెచ్చరించింది.

పెద్దమ్మకీ, పెదనాన్నకీ కారు నడపడం రాదు. మిగిలింది అమ్మ.

అమ్మకి లైసెన్సు ఉంది... కానీ రెండేళ్ళ కిందట మంచులో కారు గిర్రున తిరిగి కాలవగట్టున ఆగిపోయిన రోజు నుంచి స్టీరింగ్ ముట్టలేదు. చర్చికైనా, కూరగాయలకైనా నాన్న తీసుకెళ్ళాల్సిందే.

"నా వల్ల కాదక్కా... ఒక్క కారు పట్టే వంతెనలు, అన్ని మలుపులు... పిల్లని పెట్టుకుని నేను డ్రైవ్ చేయలేను" అని ఏడ్చేసింది.

పెద్దమ్మ ఓదార్చలేదు. చీర చెంగు నడుముకి దోపుకుంది. "బేబీ, నువ్వు బండి చూసుకో. వంతెనలు నేను చూసుకుంటా" అంది, అమ్మని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచి. తర్వాత అమ్మ రెండు చేతులూ పట్టుకుని, "ప్రభువా, మా చెల్లి చేతుల్ని నువ్వే పట్టుకో" అని చిన్న ప్రార్థన చేసి, ముందు సీట్లో కూర్చుంది. నాన్న వెనక సీట్లో కాలు చాపుకుని పడుకున్నాడు. నేను పెదనాన్న పక్కన.

వాన్ నత్తలా కదిలింది... మొదటి వంతెన దగ్గర అమ్మ ఆపేసింది. పెద్దమ్మ గొడుగు తెరిచి దిగి, ఆ చివరకి నడిచింది. సరిగ్గా అప్పుడే మలుపు తిరిగి ఎదురుగా ఒక పెద్ద లారీ...

పెద్దమ్మ రోడ్డు మధ్యలో నిలబడి, చెయ్యెత్తి, డ్రిల్ గ్రౌండ్ గొంతుతో "స్టాప్!" అంది.

ఆగింది లారీ! వానలో చీర కట్టుకున్న మనిషిని చూసి డ్రైవరు నోరెళ్ళబెట్టాడు... తర్వాత నవ్వుతూ లారీని వెనక్కి తీసి దారిచ్చాడు. బొటనవేలూ చిటికెనవేలూ చాపి, అక్కడివాళ్ళు పలకరించే పద్ధతిలో చెయ్యి ఊపాడు. పెద్దమ్మ సెల్యూట్ కొట్టింది!

అలా వంతెన వంతెనకీ ఆమె దిగడం, నిలబడటం, చెయ్యి ఊపడం... అమ్మ దాటడం. పెదనాన్న కళ్ళు మూసుకుని మరచెంబు గుండెకి హత్తుకుని కూర్చున్నాడు. "సరోజా, బ్రేక్ మెల్లగా" అని నాన్న అనబోతే, "మీరు మాట్లాడకండి!" అని అమ్మ కసిరింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

సగం దారిలో మరో వంతెన వచ్చింది. పెద్దమ్మ తడిసి ముద్దయిపోయి ఉంది. తలుపు తీయబోతే అమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"కూర్చో అక్కా. ఇక నేను చూసుకుంటాను."

ఒక్కసారి హారన్ కొట్టి, ఎదుటి దారి చూసుకుని, ఆగకుండా దాటేసింది... తర్వాతి వంతెనా అంతే. చివరికి అడవి విడిపోయి, వాన వెలిసి, ఎదురుగా నీలంగా సముద్రం పరుచుకుంది. నేను సీటులోంచి లేచి అరిచాను. పెదనాన్న అప్పుడే కళ్ళు తెరిచి, "వచ్చేశామా?" అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం... కాలు నొప్పితో నాన్న కూడా!

నాన్న కాలికి చిన్న పగులేనట. కట్టు వేసి పంపారు. ఇంటికి తిరిగొచ్చిన రోజు డెట్రాయిట్ ఎయిర్‌పోర్టు బయట మంచు కురుస్తోంది. టాక్సీ పిలుద్దామన్నాడు నాన్న. అమ్మ చెయ్యి చాపి కారు తాళం అడిగింది... ఆ మంచులో మమ్మల్నందరినీ ఇంటికి తీసుకొచ్చింది.

ఇప్పుడు పెద్దమ్మ లేదు. ఏ మలుపు ఎక్కడుందో ఫోనే చెబుతోంది. కిందటేడు చూపు తగ్గిందని అమ్మ తనంతట తనే డ్రైవింగ్ మానేసింది. ఆదివారం చర్చికి నేనే తీసుకెళ్తున్నాను... పక్కన కూర్చుని, లేని బ్రేకు మీద కాలు గట్టిగా నొక్కుతూ ఉంటుంది.

మీ ఇంట్లో అమ్మ మొదటిసారి బండి పట్టిన రోజు గుర్తుందా? పక్కన ఎవరు కూర్చున్నారు?... చెప్పండి, అమ్మకి చదివి వినిపిస్తాను.