మేనమామ చూడని ఫొటో

నా మొదటి టచ్ ఫోను కొన్న వారానికే పని మీద ఆదిలాబాద్ నుంచి గోదావరి జిల్లాకు వెళ్లాను. తాడేపల్లిగూడెంలో ఏలూరు ప్యాసింజరు ఎక్కితే, పక్కన ఒక గణపవరం రైతు కూర్చున్నారు. ఏలూరు ఆసుపత్రిలో ఆయన చెల్లెలికి ఆ ఉదయమే ఆడపిల్ల పుట్టిందట. ఆయనది బటన్ల ఫోను కావడంతో, ఫొటో నా నంబరుకు పంపమని బావగారికి చెప్పారు.

అంతలో వాళ్లమ్మ ఫోను చేసింది. మాట్లాడి పెట్టేసరికి ఆయన ముఖం మారిపోయింది. సరిగ్గా అప్పుడే నాకు ఫొటో వచ్చింది. ఉత్సాహంగా ఆయన వైపు తిప్పబోయాను.

"వద్దండీ!" అంటూ కండువాతో కళ్లు కప్పుకున్నారు. "రోహిణిలో పుట్టిందంటండీ. మేనమామకి గండం. ముందు పళ్లెంలో నూనె పోసి, అందులో పాప నీడ చూడాలండీ. మీరు చూసి చెప్పరూ?"

ఇలాంటి ఆనవాయితీ నేనెప్పుడూ వినలేదు. రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేశాను.

"ముక్కు ఎలా ఉందండీ?"

"బుల్లిగా, గుండ్రంగా ఉందండీ."

"జుట్టో?"

"నుదుటి మీదికి పడుతోంది."

రైలు పెట్టెలో వాళ్లంతా నా చుట్టూ మూగారు.

"చెవులు మాత్రం అచ్చం మీవేనండీ," అన్నాను.

ఆయన తన చెవులు తడుముకుని పగలబడి నవ్వారు. ఏలూరులో దిగీ దిగగానే, నూనె సిద్ధంగా ఉంచమని వాళ్లమ్మకు ఫోనులో చెబుతూ పరుగెత్తారు.