జవాబు పాడే అక్క

మద్రాసు తొండియార్‌పేటలో యతిరాజులు గారంటే పడనివాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు కోలాటంలో అడుగు తప్పి ఆయన చేత చీవాట్లు తిన్నవాళ్లే. పప్పుల మండీలో లెక్కలు రాసి రిటైరైన ఆ మనిషి గొంతెత్తేది ఒక్క భజన మందిరంలోనే. హార్బరుకు పోయే కంటైనరు లారీలు హారను కొట్టినప్పుడల్లా ఆట ఆగేది. లారీ దాటిపోగానే ఆయన మళ్లీ పల్లవి ఎత్తుకునేవారు.

వాళ్ల కోలాటానికి ఒక పద్ధతి ఉంది. రెండు బారులు ఎదురెదురుగా నిలబడతాయి. ఓడ ఏ రేవు నుంచి వచ్చింది, ఏమి తెచ్చింది, ఎవరికి తెచ్చింది అని మగపిల్లల బారు పాటలో అడుగుతుంది. ఆడపిల్లల బారు ఒక్కొక్క చరణంలో జవాబు పాడుతుంది. అడిగేవాళ్లు జవాబులు నేర్చుకోకూడదు. తెలిసి అడిగితే గొంతులో ఆత్రం ఉండదని యతిరాజులు గారి నాయనమ్మ కట్టడి చేసిందట.

ఆ కుటుంబం వ్యాపారానికి బర్మా వెళ్లి, అరవైలలో అక్కడ దుకాణాలు పోయినప్పుడు ఓడెక్కి తిరిగి వచ్చింది. అప్పటికి యతిరాజులు చిన్నపిల్లవాడు. అక్క అలివేలు మాత్రం రాలేదు. ఆమెకు అంతకు ముందే మౌల్మీన్‌లో పెళ్లయింది. అత్తవారు కదిలేది లేదన్నారు. ఆమె అక్కడే పిల్లలను కని, భర్తను పోగొట్టుకుని, ముసలిదయింది. ఇక్కడ జవాబులు పాడే ఆడవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఆ చరణాలు తెలిసిన మనిషి ఇక అలివేలమ్మ ఒక్కతే.

ఫోన్లు వచ్చాక శుక్రవారం శుక్రవారం అక్కాతమ్ముళ్లు మాట్లాడుకునేవారు. రమ్మని ఈయన అడగడం, చూద్దాంలేరా అని ఆమె అనడం. అక్కడి పరిస్థితులు బాగాలేవు, వీసా దొరకదు, దొరికినా టికెట్టుకు ఇద్దరి దగ్గరా స్తోమత లేదు.

రాగిణి అనే అమ్మాయి వచ్చాక ఆశ పుట్టింది. ఆమెది రాజమండ్రి. షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారాలు ఇంత దూరం వచ్చి మందిరంలో పాటలు రికార్డు చేసుకునేది.

"అంకుల్, దేశాల మధ్య కళల కోసం గ్రాంటు ఇచ్చే సంస్థలు ఉన్నాయండీ. ఇటువాళ్లూ అటువాళ్లూ కలిసి అప్లై చెయ్యాలి. పిలుపు ఉత్తరం, టికెట్లు, అన్నీ వాళ్లే చూసుకుంటారు."

"అంటే మా అక్కను పిలిపిస్తారా?"

"అక్కయ్యని కాదండీ, అవతలి దేశపు కళాకారిణిని."

"ఏదో ఒకటిలేమ్మా. వచ్చేది ఆమే కదా."

మొదటి ఏడాది అర్జీ తిరిగొచ్చింది. అవతలివైపు ఒక్క మనిషి చాలదు, బృందం ఉండాలన్నారు. అలివేలమ్మ ఇరుగుపొరుగు ఆడవాళ్లను నలుగురిని పోగుచేసి, చేతికి కర్రలిచ్చి ఫొటో పంపింది. "వీళ్లల్లో ఇద్దరికి తెలుగు రాదురా. నవ్వమంటే మాత్రం బాగా నవ్వతారు" అంది ఫోనులో.

రెండో ఏడాది రాగిణి ల్యాప్‌టాప్ ముందేసుకుని ఒక్కొక్క ప్రశ్నే తెలుగులో చెప్పి అడిగింది. ఈ ప్రాజెక్టు పూర్తయితే మీరు ఆశించే ఫలితం ఏమిటి?

"మా అక్క మా ఇంట్లో అన్నం తింటుంది" అన్నారు యతిరాజులు గారు.

రాగిణి నవ్వి చాలాసేపు ఏదో టైపు చేసింది. అంతరించిపోతున్న కళారూపం, వలస జ్ఞాపకాలు, రెండు తీరాల మధ్య వారధి అని చదివి వినిపించింది. ఆయన ఆశ్చర్యపోయారు. "ఇంత ఉండాదా ఇందులో?"

భార్య జానకీదేవి వంటింట్లోంచి అంది: "ఆడబిడ్డ వస్తే పడుకునేది ఏడ? మీ కోలాటం కట్టెలు పరిచి దాని మీదనా?" అన్నదే కానీ, ఆ వారమే ముందుగది ఖాళీ చేయించి కొత్త దోమతెర కొనుక్కొచ్చింది.

ఆఖరి పేజీలో రాగిణి ఆగింది. రెండు వైపులవాళ్లూ దగ్గరి బంధువులు కాకూడదని నిబంధన. అయితే అర్జీ చెల్లదు.

"ఇంటిపేర్లు వేరే కదండీ. అడిగితే పాటల వల్ల పరిచయం అనండి, చాలు. ఎవరికి తెలుస్తుందండీ?"

"అబద్ధం కదమ్మా?"

"ఒక్క మాట అంకుల్. ఆవిడ ఇక్కడ దిగాక మీ ఇష్టం."

ఆ శుక్రవారం అక్కకు ముందుగా చెప్పి పెట్టాలనే ఆయన ఫోను చేశారు. ఆమె అప్పుడే పాస్‌పోర్టు చేతికొచ్చిన సంబరంలో ఉంది. ఫొటోలో ముఖం పిండిబొమ్మలా పడిందని, కూతురు వల్లి ఎగతాళి చేస్తోందని ఒకటే నవ్వు. ఆ నవ్వుకు అడ్డం పడబుద్ధి కాలేదు ఆయనకు. అడిగేది ఇంగ్లీషులోనే కదా, అక్కకు ఎట్లాగూ తెలియదులే అనుకుని ఊరుకున్నారు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతారు.

ఇంటర్వ్యూ మందిరంలోనే, ల్యాప్‌టాప్ మీద జరిగింది. తెర మీద ముగ్గురు పరీక్షకులు. నాలుగో గడిలో అలివేలమ్మ, చెంపలకు అక్కడివాళ్ల తీరున చందనం లాంటి పూత, కొత్త చీర. ఇన్నేళ్లలో అక్క ముఖం కదలడం ఆయన చూసింది అప్పుడే. ఆమె తమ్ముడి బట్టతల చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంగ్లీషు ప్రశ్నలకు రాగిణి జవాబు చెబుతూ వచ్చింది. చివర్లో పరీక్షకుల్లో ఒక పెద్దావిడ చిరునవ్వుతో తెలుగులోకి దిగింది. "నేనూ తెలుగుదాన్నేనండీ. మీ పాట గురించి చదివి మా అమ్మ గుర్తొచ్చింది. అడగక తప్పదు కాబట్టి అడుగుతున్నా, మీ ఇద్దరికీ ఏమన్నా చుట్టరికం ఉందా?"

"లేదమ్మా" అన్నారు యతిరాజులు గారు. "పాటల వల్ల పరిచయం."

అలివేలమ్మ ముఖం అట్లాగే నిలిచిపోయింది. నెట్‌వర్కు ఆగిందనుకుంది రాగిణి. కానీ ఆమె వెనక గోడ మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"మీరేమంటారమ్మా?"

"ఆయన చెప్పింది నిజమే" అందామె. "ఎవరో పెద్దమనిషి. పాటలంటే ఆశ. నాకేమీ కారు."

ఒక చరణం పాడి వినిపించమన్నారు. పాడింది. ఒక్క అక్షరం తొణకలేదు. ఆ పెద్దావిడ కళ్లు తుడుచుకుంది.

గ్రాంటు వచ్చింది. రాగిణి స్వీట్లు తెచ్చింది. మృదంగం వాయించే ఆదికేశవులు కొత్త పంచెలు తెల్లవి కొనాలా పచ్చవి కొనాలా అని అందరినీ విసిగించాడు. మౌల్మీన్‌కు ఫోను చేస్తే మాత్రం ప్రతిసారీ వల్లి ఎత్తేది. అమ్మ గుడికి పోయింది మామా. అమ్మ స్నానానికి పోయింది మామా. చివరికి ఆ పిల్లకే బాధ కలిగి, "అమ్మ ఈడనే ఉండాది మామా. మాట్లాడనంటుంది" అని ఏడ్చింది. ఆ ఏడుపుకు అలివేలమ్మ ఫోను అందుకుంది.

"అక్కా, నిన్ను పిలిపించేదానికే కదా అట్లా చెప్పింది!"

"తెలుసురా. అందుకే నేనూ అదే చెప్పినా. నీ పని చెడగొట్టినానా?"

"మరి రాక్కా."

"వచ్చి ఎవరింట్లో దిగాల? ఫొటోలు తీసేవాళ్ల ముందర నీ పక్కన నిలబడి, ఎవరో పెద్దమనిషి అనుకుంటా ఉండాలనా? జానకి నాకు అన్నం పెడతా ఉంటే, ఈమె ఎవరని అడిగితే ఏం చెప్తుంది పాపం? ఈడ నాకేముంది చెప్పు. మెడ్రాసులో తమ్ముడుండాడు అని వీధంతా చెప్పుకుంటా బతికినా. ఆ ఒక్కటీ నా నోటితోనే లేదనిపించినావు."

ఆయన మర్నాడే రాగిణిని పిలిపించి నిజం రాయమన్నారు. ఆ అమ్మాయి బతిమాలింది. "మళ్లీ ఎప్పటికీ ఇవ్వరండీ. కొన్నాళ్లు పోతే ఆవిడే మెత్తబడతారు అంకుల్." ఆయన వినలేదు. అలివేలు నా తోడబుట్టిన అక్క అని చెప్పి రాయించి పంపారు. సంస్థ మర్యాదగానే జవాబిచ్చింది, గ్రాంటు రద్దు చేస్తున్నామని.

ఆదికేశవులు మందిరంలో అందరి ముందరా అడిగేశాడు. "ఏంపా, నీ అక్క కోసమేనా మేమంతా ఈ మోకాళ్లతో ఎగిరింది?"

"ఆమా, ఆమె కోసమే" అన్నారు ఆయన.

అక్కకు ఫోను చేసేటప్పుడు ఆయనలో దాదాపు సంతోషం ఉందట. "చెప్పేసినా అక్కా. నువ్వు నా తోడబుట్టిన దానివని రాసిచ్చేసినా."

"అట్లనా. మరి గ్రాంటు?"

"రద్దయిపోయింది."

"అంటే నేను వచ్చేది?"

"అదీ పోయినట్టే అక్కా."

"పిచ్చోడా" అందామె. గొంతులో కోపం లేదు. "ఏడ్చినంత ఏడ్చి, ఆ నాలుగు నాళ్లు గడిచినాక నువ్వింకోసారి బతిమాలి ఉంటే వచ్చేదాన్నేమో. ఇప్పుడు ఇద్దరమూ పోగొట్టుకున్నాం కదరా."

శుక్రవారాల ఫోన్లు ఆగలేదు. వాన, మోకాళ్లు, బియ్యం ధర, వల్లి పిల్లల చదువులు మాట్లాడుకుంటారు. ఒకరోజు ఈయన ధైర్యం చేసి, జవాబు చరణాలు ఫోనులోనే చెప్పమని, ఇక్కడ ఆడపిల్లలకు నేర్పిస్తామని అడిగారు.

"గుర్తు లేదురా."

"ఆ రోజు పాడినావు కదక్కా."

"ఆ రోజు పాడినా. ఆ తర్వాత పోయింది."

ఆయన మళ్లీ అడగలేదు.

ముందుగదిలో దోమతెర ఇంకా కవరులోనే ఉంది. మందిరంలో ఇప్పుడు ఒక్క బారే నిలబడుతుంది. ఓడ ఏ రేవు నుంచి వచ్చింది అని అడుగుతారు. తర్వాత జవాబు పట్టేంతసేపు ఎవరూ నోరు విప్పకుండా కర్రలు మాత్రం తాళానికి కొడతారు. ఆ తర్వాత, ఏమి తెచ్చింది అని అడుగుతారు. కొత్తగా చూడవచ్చినవాళ్లు ఆ ఆట అట్లాగే ఉంటుందని అనుకుంటారు. యతిరాజులు గారు వాళ్లకేమీ చెప్పరు.