రెండుసార్లు వండిన పరీక్ష

గత నెలలో ఆళ్లగడ్డలోని ఒక పాఠశాలలో స్కౌట్ల బాధ్యత చూస్తున్న యువ ఉపాధ్యాయిని నన్ను సహాయానికి పిలిచారు. ఉద్యోగ విరమణ చేసినవానికి పిలుపు రావడమే గొప్ప గనుక, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, చెప్పిన వేళకంటే ముందే వెళ్లి కూర్చున్నాను. పిల్లల దగ్గర నిలబడడానికి ముందు నేను ఫోనులో పేరు నమోదు చేసుకోవాలనీ, పిల్లలతో ఎలా మెలగాలో చెప్పే పాఠమొకటి చూసి ప్రశ్నలకు జవాబులివ్వాలనీ అక్కడికి వెళ్లాక తెలిసింది. ఉద్యోగ జీవితమంతా పిల్లలతోనే గడిపిన నేను ఆ పరీక్షలో మొదటిసారి తప్పాను. ఆనాడు పిల్లలకు వంట పరీక్ష కూడా ఉంది. వారు గ్యాసు పొయ్యి మీద ఉప్మా చేసి, ఫొటో తీసి పంపి, ఆకలిమీద తినేశారు. తిన్న తరువాత ఫొటో స్పష్టంగా లేదనీ, మరల పంపమనీ ఫోను అడిగింది. గిన్నెలో కరివేపాకు తప్ప ఏమీ మిగలలేదు. చివరకు ఎదురుగా ఉన్న హోటలు నుండి ఒక ప్లేటు ఉప్మా తెప్పించి దాని ఫొటో పంపగా, క్షణంలో అందరూ ఉత్తీర్ణులయ్యారు.

హోటలు ఉప్మా ఉత్తీర్ణమైన ఆ క్షణంలో, నా చేతుల మీదుగా జరిగిన మొదటి వంట పరీక్ష గుర్తుకు వచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ రోజుల్లో స్కౌట్ మాస్టరు ఎలా తయారయ్యేవాడో నా తరం ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు. కొత్తగా చేరినవాడూ, పెళ్లి కానివాడూ, ప్రధానోపాధ్యాయుని మాటకు ఎదురు చెప్పలేనివాడూ అయితే చాలు. ఈ అర్హతలన్నీ నాకు సమృద్ధిగా ఉన్నాయి. మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. శిక్షణ శిబిరం ముగించుకొని ఖాకీ నిక్కరుతో, మెడలో స్కార్ఫుతో, తాడుకు వేలాడే ఈలతో ఇంట్లో అడుగుపెట్టిన సాయంత్రం, జీవితమంతా కూలిపని చేసి నన్ను చదివించిన మా నాయన నన్ను కిందినుండి పైదాకా చూసి, “డిగ్రీ సదివితే ప్యాంటేసుకుంటాడనుకుంటి గదరా, మల్లా నిక్కరుకే వచ్చినావేందిరా?” అన్నారు. అమ్మ మాత్రం అదేదో పోలీసు ఉద్యోగమనుకొని, ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చేయించింది. పాదిరిగారు అందరిముందూ నన్ను దీవించిన తరువాత ఆమెను సరిదిద్దడం నాకు మర్యాదగా తోచలేదు.

అప్పటికి నంద్యాల ఇంకా జిల్లా కాలేదు. మాకు ఉత్తర్వులన్నీ కర్నూలు నుండి రావలసిందే. అవి సాధారణంగా జరగవలసిన కార్యక్రమం జరిగిపోయిన తరువాత చేరేవి. స్కార్ఫులు ఆకుపచ్చగా ఉండాలని ఒక ఉత్తర్వు వస్తే, పిల్లల తల్లులు పాత పంచెలు చించి రంగు అద్దారు. అది ఆరకముందే ఊదారంగు ఉండాలని మరొకటి వచ్చింది. పచ్చ మీద ఊదా అద్దగా తేలిన రంగుకు ఇప్పటికీ ఎవరూ పేరు పెట్టలేదు. టోపీ అంచు ఎంత వెడల్పు ఉండాలో వివరంగా రాసేవారు గాని టోపీలు పంపేవారు కారు. ఇవన్నీ ఓర్చుకుంటూ ఉండగా, ఒక్క ఉత్తర్వు మాత్రం సకాలంలో వచ్చింది. స్కౌట్లకు రెండో మెట్టయిన ద్వితీయ సోపాన పరీక్షలో ఎనిమిది మందైనా నెగ్గని దళాలకు ఆ ఏటితో గుర్తింపు రద్దు చేస్తారట. మా దళంలో ఉన్నదే ఎనిమిది మంది. మా స్కౌట్ గదిలో వరండాలోని విరిగిన బెంచీలు వేయించాలని ఎంతోకాలంగా కన్నేసిన ప్రధానోపాధ్యాయులు, ఆ కాగితం నా చేతిలో పెడుతూ, ముఖంలో విచారం కనబడేలా చూడడానికి చాలా శ్రమపడ్డారు. ఆ గదికి సున్నం వేసుకున్నది మా పిల్లలే. బడి వదలగానే పొలం పనికి పోకుండా ఒక గంట ఆడుకోవడానికి వారి ఇళ్లలో ఒప్పుకునేది కూడా ఆ పేరులేని రంగు స్కార్ఫును చూసే. అందుచేత ఆ దళం పోతే నాకు పోయేది ఒక నిక్కరే గాని, వారికి పోయేది సాయంకాలమే.

తక్కిన అంశాలన్నీ ముగిసి వంట ఒక్కటే మిగిలింది. ఆదివారం నంద్యాలలో, కట్టెల పొయ్యి మీద, పాత్రల్లో అన్నమూ పప్పూ వండి చూపాలి. గిన్నెలూ, బియ్యమూ, కందిపప్పూ గోనెసంచిలో కట్టుకొని పొద్దున్నే బస్సెక్కాము. శిరివెళ్ల మెట్ట దగ్గర బస్సు ఆగగానే కండక్టరు టీకి దిగాడు, మా పిల్లలు నీళ్లకు దిగారు, వారిని లెక్క చూసుకోవడానికి నేనూ దిగాను. పిల్లలు తలొక దిక్కుకు పోవడం చూసి, శిక్షణలో నేర్పిన పద్ధతిలో దీర్ఘంగా ఒక ఈల వేశాను. నా ఈలను మొదట పాటించినవాడు డ్రైవరు. ఏళ్ల తరబడి కండక్టరు ఈలకు అలవాటుపడిన ఆ మనిషి వెనుదిరిగి చూడకుండా గేరు వేశాడు. మా గిన్నెలతో సహా బస్సు కదిలిపోతుంటే ఆపడానికి నేను మరింత గట్టిగా ఈల వేశాను. అది మరింత వేగం అందుకుంది.

టీ గ్లాసు చేతిలో పట్టుకొని పరుగెత్తి వచ్చిన కండక్టరు, “ఏం సారూ, నా ఉద్యోగం గూడా నువ్వే చేస్తాండావే! ఇంగ ఈ సంచి గూడా నువ్వే తగిలించుకో!” అంటూ టికెట్ల సంచి నా మెడలో వేయబోయాడు. మా దళ నాయకుడు నన్ను ఓదార్చే ఉద్దేశంతో, “మనోళ్లకంటే డ్రైవరన్నే బాగా నేర్చుకున్యాడు సార్” అన్నాడు.

పత్తి బస్తాలతో నంద్యాల పోతున్న ఒక ట్రాక్టరు మమ్మల్నందరినీ ఎక్కించుకుంది. కండక్టరు కొంతదూరం అలిగి కూర్చొని, పిల్లలు పాట ఎత్తుకోగానే టికెట్ల సంచి మీద తాళం వేయసాగాడు. దిగేటప్పుడు, “బస్సు దొరికితే నీ బోకులు తెస్తాలే సారూ. అంతవరకు ఆ ఈల జేబులో పెట్టుకోప్పా, నీకు దండం పెడ్తా” అని చెప్పి డిపో వైపు పరుగెత్తాడు.

మా పరీక్షాధికారి నందికొట్కూరు నుండి వచ్చిన ఒక విశ్రాంత డ్రిల్లు మాస్టారు. జీతం లేదు, భత్యం లేదు, నవ్వు అంతకన్నా లేదు. “బోకులు యాడ?” అన్నారు. గిన్నెలు బస్సులో ఉన్నాయని చెప్పాను. “బస్సు యాడ?” అన్నారు. నేను రోడ్డు వైపు చూపించాను. పిల్లలు మాత్రం చేతులు కట్టుకొని నిలబడలేదు. మైదానం పక్కన పడి ఉన్న నాపరాయి పలకలను కడిగి తెచ్చారు. నేను అంగడికి వెళ్లి జొన్నపిండీ, వంకాయలూ, పచ్చిమిరపకాయలూ తెచ్చాను. ఒక పలక మీద పిండి కలిపి, రొట్టెలు తట్టి, మరొక పలకను పొయ్యికెక్కించారు. అది మంటకు టపాకాయలా పేలింది. దానిమీది రొట్టె ఎగిరి పక్క దళంవారి పప్పులో పడింది. తరువాతి పలకను మెల్లగా కాగనిచ్చి, రొట్టెలు చక్కగా కాల్చి, నిప్పుల్లో మగ్గిన వంకాయలతో పచ్చడి నూరారు.

మాస్టారు రెండు రొట్టెలు తిన్నారు. మూడోది కూడా అడిగి తిన్నారు. మేము చూస్తుండగా మూతి తుడుచుకొని, “బలే ఉండాదప్పా. పాత్రల్లేకుండా వండేది పైమెట్టు పరీక్ష. మీ పిల్లోళ్లు అది చేసి చూపించినారు. గానీ కిందిమెట్టు ఎక్కకుండానే పైన నిలబడ్తే నేను యాడ రాసుకోవాల?” అన్నారు. కష్టమైన పరీక్ష నెగ్గినందువల్ల సులభమైన పరీక్ష తప్పడం అన్న నా చదువుకు అందని ఆ తర్కం మీద నేను వినయంగా వాదిస్తుండగానే, మా గోనెసంచి నెత్తిన పెట్టుకొని కండక్టరు ప్రత్యక్షమయ్యాడు. మాస్టారి ముఖం మొదటిసారి వికసించింది. “ఇంగేం, మల్లా మొదలుపెట్టండి” అన్నారు.

“తినేదెవురు సార్? కడుపులో సందు లేదు” అని గొణుక్కుంటూ పిల్లలు మళ్లీ పొయ్యి రాజేశారు. కంగారులో ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు పప్పులో ఉప్పు వేశారు. మాస్టారు నాలుకకు తగిలించుకొని, “ఉప్పు కశంరా నాయనా! దీనికి పాసేస్తే మీ అమ్మలు నన్ను తిడ్తారు” అని గరిటె కింద పెట్టారు. ఆయన సంతకం పెట్టకుండా లేస్తే దళం అక్కడితో సరి. కాని ఆయన లేవలేదు. మిగిలిన పప్పును ఉప్పు లేకుండా ఉడికించి ఇందులో కలపమన్నారు. చివరికి మిగిలిన కట్టెలు తడివి, పప్పు మొండిది. తక్కిన దళాలు వెళ్లిపోయాయి, మైదానంలో ఎండ తగ్గింది. నందికొట్కూరు బస్సు వేళ అయిందని నేను గుర్తు చేస్తే, “బస్సు రేపూ ఉంటాది. పప్పు ఉడకనీ” అని, పొయ్యి ముందు గొంతుకూర్చొని తానే మంట ఊదసాగారు. బాగా పొద్దు వాలాక మరల రుచి చూసి, సంతకం పెట్టారు. ఎనిమిది మందీ నెగ్గారు. ఆకలి మిగిలినవాడు ఒక్క కండక్టరే గనుక ఆ అన్నమూ పప్పూ దాదాపు అతనే తిన్నాడు. సోమవారం విరిగిన బెంచీలు వరండాలోనే ఉండిపోయాయి.

ఆనాడు ఇంటికి వచ్చే దారిపొడుగునా నేను ఆ మాస్టారినీ, ఆయన మెట్లనూ, కర్నూలునూ మనసులో తిట్టుకుంటూనే వచ్చాను. ఇప్పటి మార్పులన్నీ చెడ్డవని నేను అనను. బస్తాల మీద పిల్లలను కూర్చోబెట్టి ట్రాక్టరెక్కించడం ఈనాడు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. నేను రెండోసారి జాగ్రత్తగా చదివి నెగ్గిన ఆ ఫోను పాఠంలో ఆ మాట ఉంది. అయితే, మమ్మల్ని పరీక్షలో తప్పించి పోయే అధికారం చేతిలో ఉండి కూడా, మేము నెగ్గేదాకా తన బస్సు వదులుకొని పొగలో కూర్చున్న ఆ ముసలాయన ఈమధ్య తరచుగా తలపుకు వస్తున్నారు. ఈనాటి పిల్లలకు ఫలితం క్షణంలో వస్తుంది. వారి పప్పు ఉడికేదాకా ఎవరూ కూర్చోవలసిన అవసరం లేదు. అవసరం లేదు గనుకనే కాబోలు, ఎవరూ కూర్చోవడమూ లేదు.