మైకు తప్పు

మైకు మావయ్యకు పళ్ల డాక్టరమ్మ మీద కుళ్లు. ఈ మాట ఆయన ముందు అంటే కొట్టడానికి వస్తాడు గానీ, ఉన్నమాట ఇదే. అదీ మామూలు కుళ్లు కాదు, తిన్న అన్నం ఒంటికి పట్టనివ్వని కుళ్లు. ఎందుకంటారా? ఆయన ఇరవై రెండేళ్లుగా మోకాళ్లు అరగదీసుకుని ఏ పని కోసం ప్రార్థించాడో, ఆ పని ఆవిడ మూడు నెలల్లో చేసేసింది.

ఆ వీధిలో మూడు చర్చిలున్నాయి. మొదట రాతి చర్చి, దానికి ఫాదరు. మధ్యలో ఎర్ర ఇటుకల చర్చి, దానికి పాస్టరు. చివర్న రేకుల చర్చి, దానికి బ్రదరు. ముగ్గురూ ఒకే దేవుడికి దండం పెడతారు, ఒకరికొకరు మాత్రం పెట్టుకోరు. వీధిలో ఎదురుపడ్డారా, ఒకాయనకు ఫోనొస్తుంది, ఇంకొకాయనకు అప్పుడే చెప్పు తెగుతుంది. మూడు చర్చిలకూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, మావయ్య మైకు సెట్టు. ఆదివారం ఏడింటికి రాతి చర్చిలో బిగిస్తాడు, తొమ్మిదిన్నరకు విప్పి ఎర్ర చర్చిలో బిగిస్తాడు, పదకొండున్నరకు రేకుల చర్చిలో. ముప్పై ఏళ్ల సర్వీసులో ప్రార్థన మధ్యలో ఆయన మైకు ఒక్కసారి కూడా కీచుమనలేదు. ఆ సంగతి మీరు అడగక్కర్లేదు, ఆయనే చెప్తాడు.

పుట్టుకతో మావయ్యది ఎర్ర చర్చి, అత్తయ్యది రాతి చర్చి. పెళ్లినాడు రెండువైపుల పెద్దలూ ముఖాలు మాడ్చుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఎవరి చర్చికి వాళ్లు. రాతి చర్చిలో ఆయన ఉంటాడు, నిజమే, కానీ ఉండేది మిక్సరు పక్కన, స్తంభం వెనకాల. పెళ్లాం పక్కన ఒకే బెంచీ మీద కూర్చుని, వీధి వీధంతా ఒక్కటై ప్రార్థన చేసే రోజు ఒక్కటి రావాలని ఆయన కోరిక. అందుకని ప్రతి శుక్రవారం సాయంత్రం షాపు వెనక గదిలో, వైరు చుట్టల మధ్య ఐక్యత ప్రార్థన పెట్టాడు. వచ్చేది నలుగురు. ఆయన, అత్తయ్య, రిటైరైన పోస్టుమాను, మొదటి పాట కాగానే కునుకుపట్టే ఒక ముసలామె. ఇరవై రెండేళ్లూ ఆ నలుగురే. మధ్యలో కాలికి బలపం కట్టుకుని ఫాదరు చుట్టూ, పాస్టరు చుట్టూ, బ్రదరు చుట్టూ తిరిగాడు. "చూద్దాం మావయ్యా" అనేవాళ్లు ముగ్గురూ. చూస్తూనే ఉన్నారు.

అప్పుడొచ్చింది ఈ పళ్ల డాక్టరమ్మ. వీధి మధ్యలో క్లినిక్కు తెరిచింది. ఫాదరుకు దవడ పన్ను, పాస్టరుకు చిగుళ్ల వాపు, బ్రదరుకు పైవరస కట్టుడు పళ్లు. ఒక్కొక్కరినీ కుర్చీలో వెనక్కి వాల్చి, నోట్లో అద్దం పెట్టి, "మీరు ముగ్గురూ కలిసి ఒక ప్రార్థన చేస్తే ఎంత బావుంటుందండీ" అనేది. నోరు తెరిచి పడుకున్న మనిషి కాదని ఎలా అంటాడు? 'ఆ' అన్నారు. ఆ 'ఆ'ను ఆవిడ ఔను అని రాసుకుంది. మూడు నెలలు తిరిగేసరికి స్కూలు హాలు మాట్లాడటం, ఆదివారం సాయంత్రం నాలుగింటికి మూడు చర్చిల ఉమ్మడి ప్రార్థన అని గోడల నిండా పోస్టర్లు అంటించడం అయిపోయాయి.

ఆ పోస్టరు ముందు మావయ్య పావుగంట నిలబడ్డాడు. ముగ్గురి ఫోటోలూ ఉన్నాయి. కింద డాక్టరమ్మ పేరుంది. అట్టడుగున చిన్న అక్షరాల్లో 'మైకు ఏర్పాటు కలదు' అని ఉంది.

"మైకు కలదట! నేను మాత్రం లేనట!" ఇంటికొచ్చి చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు విసిరాడు. "ఇరవై రెండేళ్లు నేను ఏడిస్తే ఒక్కడు కదల్లేదు. నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల పళ్లు పీకి చేసేసింది."

"పోనీలెండి, ఎవరు చేస్తే ఏం? జరిగింది కదా," అంది అత్తయ్య బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"జరగడం వేరు."

"ఏం వేరు? ఐక్యత కావాలని ప్రార్థించారా, మీ చేతుల మీదుగానే కావాలని ప్రార్థించారా?"

"నువ్వు ఊరుకోవే."

"ఊరుకుంటాను గానీ, మీకు ఒళ్లు మండుతోంది. చేటెడు ఉప్పు తిన్నవాడిలా నీళ్లు తాగుతున్నారు పొద్దున్నించీ."

మండుతోంది, అబద్ధమేముంది? డాక్టరమ్మ మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ ఇంట్లో లేనని చెప్పించాడు. వీధిలో ఎవరైనా ఆవిడను మెచ్చుకుంటే పుండు మీద కారం చల్లినట్టుండేది. ఆఖరికి శుక్రవారం ప్రార్థనలో కూడా, "ప్రభువా, గర్విష్ఠులను అణచు" అని డాక్టరమ్మను దృష్టిలో పెట్టుకునే అడిగాడు. పోస్టుమాను గట్టిగా ఆమెన్ అన్నాడు. ఆయనకేం తెలుసు పాపం.

ఇంతలో మావయ్యకు నిజంగానే పన్ను సలపడం మొదలుపెట్టింది. రెండు రోజులు లవంగం పెట్టి ఓర్చుకున్నాడు. మూడోరోజు బుగ్గ బూరెలా పొంగేసరికి, అహం సగం చంపుకుని క్లినిక్కు మెట్లెక్కాడు. డాక్టరమ్మ సంబరపడిపోయింది.

"అంకుల్! దొరికారు! మీతో ఎంత మాట్లాడాలని ఉందో!"

సూది వేసి, పన్ను తీసి, దూది కుక్కి, అప్పుడు మొదలుపెట్టింది. "అంకుల్, చివర్లో ముగ్గురూ స్టేజీ మీద వరసగా నిలబడతారు. హాలంతా లేచి, ప్రభువు నేర్పిన ప్రార్థన ఒక్క గొంతుతో చెప్తారు. మూడు చర్చిల్లోనూ మాటలు ఒకేలా ఉంటాయి కదా? ఏమైనా తేడా ఉందా? నేను హాస్టల్లో వేరే భాషలో నేర్చుకున్నాను, నాకు తెలీదు."

ఇక్కడే ఉంది అసలు మెలిక. తేడా ఉంది. ఎర్ర చర్చిలో, రేకుల చర్చిలో దేవుణ్ణి 'నువ్వు' అంటారు. నీ నామము, నీ చిత్తము. రాతి చర్చిలో 'మీరు' అంటారు. మీ నామము, మీ చిత్తము. ఎవరి చర్చిలో వాళ్లు తాతల నాటి నుంచి చెప్పుకుంటున్నారు, పక్క చర్చిలో ఏమంటారో ఫాదరుకూ తెలీదు, పాస్టరుకూ తెలీదు. అత్తయ్యా మావయ్యా ఈ ముక్క మీద పెళ్లయిన కొత్తలోనే నవ్వుకున్నారు. "నేను దేవుణ్ణీ మీరంటాను, మిమ్మల్నీ మీరంటాను. మీరేమో దేవుణ్ణీ నన్నూ ఒకే గాటన కట్టి నువ్వంటారు" అని అత్తయ్య దెప్పేది. మూడు చర్చిల్లోనూ కూర్చుని విన్న చెవులు ఆ వీధిలో ఒక్క జతే, మావయ్యవి.

ఆయన అడ్డంగా తలూపాడు. లేదు, తేడా లేదు.

"హమ్మయ్య! ఇంకో మాట అంకుల్," అంది డాక్టరమ్మ. అప్పటికే ఆయన కుర్చీ దిగిపోయాడు.

నోట్లో దూది ఉంది కదా, ఎలా చెప్తాను అని మెట్లు దిగుతూ తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. దూది గంట తర్వాత తీసేశాడు. ఆ తర్వాత నాలుగు రోజులున్నాయి. "నీ, మీ సంగతి ఆ అమ్మాయికి చెప్పారా?" అని అత్తయ్య అడిగితే, "ఆ, చెప్పాను" అన్నాడు. ఆ అబద్ధం ఆడినప్పుడు తీసేసిన పన్ను ఉన్నచోట చల్లగా, హాయిగా అనిపించింది. అంత దుర్మార్గపు హాయి ఆయన జన్మలో ఎరగడు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. మావయ్య వెనక గోడ దగ్గర మిక్సరు ముందు కూర్చున్నాడు. స్టేజీ మీద మూడు మైకులు. పాటలు బ్రహ్మాండంగా సాగాయి, వాక్యాలు చదివారు, ఫాదరు పాస్టరు చెయ్యి పట్టుకుంటే ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మూడో వరసలో అత్తయ్య తన పక్కన హ్యాండుబ్యాగు పెట్టి ఒక చోటు ఆపి ఉంచింది, మధ్యమధ్యలో వెనక్కి తిరిగి రమ్మని సైగ చేసింది. మావయ్య కదల్లేదు. ఆయన ఎదురుచూస్తున్నది వేరే.

అందరూ లేచారు. ప్రార్థన మొదలైంది. తండ్రీ అన్నదాకా ఒక్క గొంతే. ఆ తర్వాత ఫాదరు మైకులో 'మీ', పాస్టరు మైకులో 'నీ' ఒకేసారి పడ్డాయి. హాలు రెండుగా చీలి తడబడి ఆగిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దమనుషులు కదా, రెండోసారి మొదలుపెట్టినప్పుడు ఫాదరు మర్యాదకు 'నీ' అన్నాడు. పాస్టరు కూడా మర్యాదకు 'మీ' అన్నాడు. మళ్లీ ఢీ! వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. బ్రదరు ఏం చెయ్యాలో తెలీక కళ్లు మూసుకుని సొంత ప్రార్థన ఎత్తుకున్నాడు, అది మూడో మైకులోంచి మోగింది.

"దేవుణ్ణి పట్టుకుని నువ్వంటారా?" అంది రాతి చర్చి వరసలో ఒకావిడ.

"తండ్రిని మీరంటే అది పిలుపా, ఆఫీసులో అర్జీయా?" అన్నాడు ఎర్ర చర్చి పెద్ద ఒకాయన. "మా తాతలు వద్దన్నది ఇందుకే."

గొంతులు లేచాయి. ఇద్దరు ముగ్గురు సంచులు భుజాన వేసుకున్నారు. మావయ్య కోరుకున్నది కళ్లముందు జరుగుతోంది, కానీ క్లినిక్కు మెట్ల మీద కలిగిన హాయి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

డాక్టరమ్మ గబగబా స్టేజీ ఎక్కి మైకు అందుకుంది. "క్షమించండి, అందరూ క్షమించండి. మైకు తప్పు. మైకులో ఏదో తేడా వచ్చింది. ఒక్క నిమిషం."

హాలు హాలంతా వెనక్కి తిరిగి మావయ్యను చూసింది.

మైకు తప్పా! ఆయన నెత్తురు సలసల కాగింది. ముప్పై ఏళ్లలో ఒక్క కూత కూయని సెట్టు! ముందున్న చేతిమైకు తీసి ఒక్కసారి హలో అంటే చాలు, సెట్టు నిక్షేపంలా ఉందని తేలిపోతుంది. తప్పెవరిదో కూడా తేలిపోతుంది, సంచులు వేసుకున్నవాళ్లు వెళ్లిపోతారు, ఇంకో ఇరవై రెండేళ్లు ఈ వీధిలో ఎవరూ కలిసి కూర్చోరు. మైకు చేతిలోకి తీసుకున్నాడు. అత్తయ్య ఆయన వంకే చూస్తోంది. సైగల్లేవు. మొగుడు చెప్పాననడం అబద్ధమని ఆవిడకు అప్పటికి అర్థమైపోయింది.

మావయ్య మైకు కింద పెట్టి, ఆంప్లిఫయరు కట్టేసి లేచి నిలబడ్డాడు.

"మైకు తప్పేనండీ," అన్నాడు వట్టి గొంతుతో. "నాదే తప్పు. సెట్టు పాడైంది. మైకు లేకుండా కానివ్వండి, ఎవరికొచ్చినట్టు వాళ్లు చెప్పండి. దేవుడికి మైకు ఎందుకు?"

నవ్వులు వినిపించాయి. సంచులు కిందికి దిగాయి. మూడోసారి మొదలైంది. అన్ని వందల గొంతులు ఒక్కసారి లేస్తే అందులో 'నీ' ఏదో 'మీ' ఏదో విడదీయడం మావయ్య చెవులవల్ల కూడా కాలేదు. ఆమెన్ దగ్గర కిటికీ అద్దాలు అదిరాయి. ఆ హాల్లో పెదవి కదపని మనిషి ఆయనొక్కడే.

జనం బయటకు వెళ్తూ ఆయన మీద జోకులు వేశారు. "మావయ్యా, సెట్టు ముసలిదైపోయింది, నీలాగే!" అన్నాడు ఒకడు. పాస్టరు భుజం తట్టి, వచ్చే ఏడాదికి కొత్త సెట్టు చూద్దాంలే అన్నాడు. మావయ్య అన్నిటికీ తలూపి వైర్లు చుడుతూ కూర్చున్నాడు. హాలు ఖాళీ అయ్యాక డాక్టరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అంకుల్, మీ మైకుకేం కాలేదని నాకు తెలుసు. ఆ క్షణానికి ఇంకేమీ తోచలేదు, మీ మీదకు నెట్టేశాను. అందరి ముందూ మీ పరువు తీశాను. నన్ను క్షమించండి."

"ఆ నీ, మీ తేడా నాకు తెలుసమ్మా," అన్నాడు మావయ్య. "నువ్వడిగిన రోజే తెలుసు. చెప్పలేదు."

"ఎందుకు అంకుల్?"

"కుళ్లు."

డాక్టరమ్మ పక్కనున్న బాక్సు మీద కూలబడింది.

"నేను ఈ ఊరొచ్చిన కొత్తలో ముగ్గురినీ విడివిడిగా అడిగాను అంకుల్, మూడు చర్చిలూ కలవాలంటే ముందు ఎవరితో మాట్లాడాలని. ఫాదరు మీ పేరే చెప్పారు. పాస్టరుగారూ మీ పేరే చెప్పారు. బ్రదరుగారూ అంతే. ఆ ముగ్గురూ ఒక్కమాట మీద ఉన్నది ఆ ఒక్క విషయంలోనే. అందుకే ఫోన్ల మీద ఫోన్లు చేశాను. ఈరోజు ఆ ముగ్గురి మధ్యలో నిలబడి ప్రార్థన ఎత్తుకోమని అడుగుదామని."

మావయ్య చేతిలో వైరు చుట్ట జారిపోయింది. తీద్దామని వంగినవాడు అలాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు.