బంతిపూలు మింగిన జనరేటరు

పోయిన నెల మా మావయ్య పోయాడు. కబురు చెప్పిన ఎదురింటి బర్మా ఆవిడ, "మన వీధి మొనగాడు పోయాడు" అని ఏడ్చింది. చూస్తే బక్కపలచని మనిషి. ఓడరేవులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. అయినా ఆ మాట ఆయనకి తగినదే.

మావయ్య ఏ యంత్రాన్నైనా ముట్టుకునే ముందు పలకరించేవాడు. "ఏటమ్మా, ఏటయింది నీకు?" అనేవాడు. మేం నవ్వేవాళ్లం.

బర్మాలో మేముండే పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో మా అమ్మ దోసెల కొట్టు నడిచేది చిన్న పెట్రోలు జనరేటరు మీదే. కరెంటుని నమ్ముకుంటే పస్తే. ఒక దసరా మర్నాడు అమ్మకి మొదటి పెద్ద బేరం వచ్చింది, పెళ్లి టిఫిన్లు. నానిన పప్పు గ్రైండర్లో పోశామో లేదో జనరేటరు కాగిపోయి ఆగింది. చల్లార్చి వేస్తే మళ్లీ అంతే. పగలే రుబ్బకపోతే తెల్లారేసరికి పిండి పులవదు, పెళ్లివారి ముందు అమ్మ మాట పోతుంది. అమ్మ ముఖం చూడలేకపోయాను.

పెట్రోలు కల్తీ అని ఒకరు, పాతదైపోయిందని ఒకరు. మావయ్య ఇంజనాయిలు చూశాడు, సరిగానే ఉంది. గ్రైండరు తీసేసి ఒట్టిగా నడిపాడు, అయినా కాగింది. అప్పుడు కాగితం ముక్క ఒకటి చించి, ఇంజను గాలి పీల్చుకునే జాలీకి ఆనించాడు. గాలి లాగితే అది అతుక్కోవాలి. జారి కిందపడింది.

"దీనికి ఊపిరాడతన్నేదమ్మీ," అన్నాడు నాతో.

చల్లారాక మూత విప్పాడు. లోపలంతా బంతిరేకులు, గంధంతో కలిసి గట్టిపడి! ముందురోజు ఆయుధపూజకి జనరేటరుకి అంత లావు దండ వేసింది మరెవరో కాదు, మావయ్యే.

"ఓలమ్మో, పూజ సేసి దాని పీక నొక్కీసినావేట్రా!" అంది అమ్మ.

"బక్తి ఎక్కువైపోనాదే అక్కా," అని పగలబడి నవ్వాడు మావయ్య.

పాత పళ్లబ్రష్షుతో రేకులన్నీ గీకి, మూత బిగించి తాడు లాగాడు. ఈసారి కాగితం టప్పున అతుక్కుంది. గ్రైండరు తిరుగుతుంటే వీధంతా చప్పట్లు కొట్టింది. మర్నాడు పెళ్లివారు పెనం దగ్గరే నిలబడి దోసెలు తిన్నారు. ఆ తర్వాత దూరాన ఉన్న లైంగ్‌థార్యార్ పేట నుంచి కూడా బేరాలొచ్చాయి. ఈవేళ మేం తింటున్న తిండి ఆ పూట నిలబడిందే.

పెద్దకర్మ నాడు భోజనాల వేళ కరెంటు పోయింది. మావయ్య ఫొటోకి బంతిదండ వేసి ఉంది. నేను జనరేటరు దగ్గరికెళ్లి తాడు లాగాను. "ఏటమ్మా, ఊపిరాడతందా?" అని నా నోట్లోంచి వచ్చేసింది. కాగితం ముక్క ఆనించి, చెయ్యి తీసేశాను.

జాలీకి అతుక్కుని, అది అలాగే నిలబడింది.