పక్కవాళ్ల పాపాలు

వీధి చివరి కుట్టుపని దుకాణం పెద్దావిడది. తోడికోడలు కూడా అక్కడే పనిచేస్తుంది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో పెద్దావిడ ఏటా టీ మానేసి, ఆ చిరాకంతా ఇంటిల్లిపాదికీ పంచేది. ఈసారి మాత్రం టీ మానకుండా, రోజూ పొద్దున్నే దేవుని ముందు తనను తాను పరీక్షించుకోవాలనుకుంది.

మొదటిరోజు మోకరించి, "ప్రభువా, మా ఆయన బద్ధకం క్షమించు. తోడికోడలి నోటిదురుసు క్షమించు" అంటూ అరగంట ప్రార్థించింది. లేవబోతుంటే నవ్వొచ్చింది. అంతసేపూ ఒప్పుకున్నవన్నీ పక్కవాళ్ల పాపాలే. మళ్లీ మోకరించింది. ఈసారి తన తప్పుల కోసం వెతుక్కుంది. కిందటి నెల ఆస్పత్రి నర్సు గౌను తానే తప్పుగా కత్తిరించి, నేరం తోడికోడలి మీదికి నెట్టిన సంగతి గుర్తొచ్చింది.

దుకాణం తెరవగానే చెప్పేసింది. "ఆ గౌను పాడుచేసింది నేనే. నీ పేరు చెప్పి తప్పించుకున్నాను."

"నాకు అప్పుడే తెలుసక్కా. ఇక్కడ ఎడమచేత్తో కత్తిరించేది నువ్వొక్కదానివేగా."

ఇద్దరూ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుకున్నారు. తర్వాత పెద్దావిడ నర్సు ఇంటికి వెళ్లి నిజం చెప్పింది. ఆమె మెచ్చుకుని, కొత్త గుడ్డ చేతిలో పెట్టి, "ఇది మాత్రం మీ తోడికోడల్నే కత్తిరించమనండి" అంది.

పెద్దావిడకు కాస్త చురుక్కుమంది. అయినా దారంతా నవ్వుకుంటూనే వచ్చింది.