వినపడే పక్క

కత్తక్కకి కోపం వస్తే వీధి చివర కుక్కలు కూడా పక్క సందులోకి తప్పుకుంటాయని జనం హాస్యమాడేవారు. అందులో సగం నిజమే. మాంసం దుకాణంలో మొద్దు ముందు నిలబడి ఆవిడ కత్తి ఎత్తిందంటే ఒకే వేటుకి ఎముక రెండు ముక్కలయ్యేది, రెండోసారి ఎత్తాల్సిన పని ఉండేది కాదు. అమ్మానాన్నా పెట్టిన పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో గాని, వీధిలో మాత్రం ఎవరికీ గుర్తు లేదు. ఆడమనిషికి ఇదేం పని అని మొదట్లో మూతి తిప్పినవాళ్ళే తర్వాత "కత్తక్కా, కాస్త చిన్న ముక్కలు కొట్టు, ఇంట్లో పిల్లలున్నారు" అంటూ వరసలు కలిపారు. సరుకు విషయంలో ఆవిడ దగ్గర మోసం లేదు. గొర్రె పొట్ట చీల్చి ఊపిరితిత్తులు బయటికి తీసి, రెండు చేతుల్లో ఎత్తి వెలుగులో తిప్పి చూసేది. లేత గులాబీ రంగులో మెత్తగా ఉంటే కొక్కానికి వేసేది. ఎక్కడైనా నల్లమచ్చ కనిపిస్తే కొనేవాళ్ళు ఎంత బతిమాలినా అమ్మకుండా బకెట్లోకి విసిరేసేది.

అలాంటి మనిషి కన్నకొడుకు మీద మాత్రం ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. వాడు పాలగ్లాసు నేలకేసి కొట్టినా, పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టినా, పళ్ళు బిగించి చేతులు రెండూ వెనక్కి కట్టుకునేది. అంత బలమున్న చేతుల్ని అలా కట్టేసుకుని బతకడం చూసేవాళ్ళకి వింతగా ఉండేది. కారణం ఒక్కటే, ఆవిడ అన్నయ్య ఎడమ చెవి.

వాళ్ళ నాన్న గోడౌన్ కాపలాదారు. తెల్లారి లేచింది మొదలు సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చేవాడు. అన్నయ్యకి పదమూడేళ్ళప్పుడు, ఆయన పారేసిన పీక ఒకటి ఏరుకుని మెట్ల కింద దాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. రెండు దమ్ములు లాగాడో లేదో, నాన్న కాలర్ పట్టుకుని బయటికి ఈడ్చాడు. అరచెయ్యి చాచి చెవి మీద ఒక్కటిచ్చాడు. కిందపడ్డవాణ్ణి లేపి నిలబెట్టి, తల తిన్నగా ఉందో లేదో చూసుకుని మరీ అదే చెవి మీద మళ్ళీ కొట్టాడు. నెత్తురు సన్నటి దారంలా మెడ మీదికి దిగింది. అడ్డం వెళ్ళిన అమ్మకీ పడ్డాయి. తలుపు చాటున చెల్లెలు, అంటే మన కత్తక్క, గౌను అంచు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. అంతా అయ్యాక నాన్న మెట్ల మీద కూలబడి, ఆయాసం తీర్చుకుంటూ జేబులోంచి సిగరెట్టు తీసి వెలిగించాడు. అగ్గిపుల్ల గీసిన ఆ చప్పుడు ఆవిడ ఈనాటికీ మర్చిపోలేదు. అన్నయ్యకి అది ఒక చెవితోనే వినిపించింది.

ఆ చెవి మళ్ళీ రాలేదు. లారీ నడపాలని కలలుగన్నవాడు చెవి పరీక్షలో తప్పి రంపపు మిల్లులో చేరాడు. "ఆ మోతకి అందరికీ రెండు చెవులూ పోతాయి, నాకు పోవాల్సింది ఒకటే, నేనే లాభపడ్డా" అని తనే నవ్వేవాడు. ఎవరైనా ఎడమ వైపు నుంచి మాట్లాడితే విసుక్కోకుండా, "ఈ పక్కకొచ్చి చెప్పు" అనేవాడు. ఆ మాట ఇంట్లో అందరికీ ఊతపదమైపోయింది. కత్తక్క కొడుకు నడక నేర్చిన కొత్తల్లో మామయ్య ఆ మాట అనడమే ఆలస్యం, ఆయన చుట్టూ బుడిబుడి అడుగులతో తిరిగి కుడిచెవి పట్టుకుని అందులో ఏదో ఊదేవాడు. అదంటే మామయ్యకి పంచప్రాణాలు.

ఆ పిల్లవాడే పద్నాలుగో ఏట బడి మరుగుదొడ్ల వెనక సిగరెట్టుతో డ్రిల్లు మాస్టారికి దొరికిపోయాడు. మాస్టారు వాణ్ణి మైదానం మధ్యలో నిలబెట్టి బెత్తం విరిగేదాకా పిక్కల మీద బాదాడు. కబురు చేరేసరికి కత్తక్క సగం గొర్రె కొట్టి ఉంది. చేతులైనా కడుక్కోలేదు. నెత్తుటి మరకల ఏప్రాన్‌తోనే రోడ్డు దాటి, గేటు దాటి, తిన్నగా వెళ్ళి మాస్టారి కాలర్ అందుకుంది. ఆయన ఆరడుగుల మనిషి. ఎత్తి గోడకేసి కొట్టేసరికి మెడలో ఈల తాడు తెగి కింద పడింది, ముక్కులోంచి నెత్తురు కారింది.

"నా బిడ్డ మీద చెయ్యేస్తావా? ఇంకోసారి పడిందంటే ఆ చెయ్యి తీసుకెళ్ళి నా మొద్దు మీద పెడతా!"

"మీవాడు సిగరెట్లు తాగుతున్నాడమ్మా..." మాస్టారు ముక్కు పట్టుకుని నసిగాడు.

"తాగితే? చంపేస్తావా? చెవులు పగలగొడతావా?"

చెవుల ఊసు అక్కడ ఎవరూ ఎత్తలేదు. మాస్టారు కొట్టింది పిక్కల మీద. పాపం ఆయన తన చెవులు తడుముకున్నాడు. హెడ్మాస్టరు పరుగున వచ్చి ఇద్దర్నీ విడదీసి, పిల్లవాణ్ణి కొన్నాళ్ళు బడికి రావద్దన్నాడు.

దారిలో కొడుకు కుంటుతూ నడుస్తున్నా మొహం వెలిగిపోతోంది. "అమ్మా, భలే ఇచ్చావే ఆయనకి!" అని మురిసిపోయాడు. వీధి మలుపు తిరిగాక వంగి, మేజోడులోంచి నలిగిన సిగరెట్టు ఒకటి తీశాడు. "కాళ్ళు మండిపోతున్నాయే. ఒక్కటి కాల్చుకోనా?"

కత్తక్క ఆగిపోయింది. ఇప్పుడు వద్దంటే ఇంతసేపూ ఎవరి కోసం కొట్లాడినట్టు? వద్దన్నా వాడు వినకపోతే? వినకపోతే కొట్టాలి. ఆవిడ చిన్నప్పటి నుంచి ఎరిగిన వద్దు అదొక్కటే, దాని వెనకాలే అరచెయ్యి వస్తుంది. చెయ్యి రాని వద్దు ఒకటుంటుందని ఆవిడకి ఎవరూ చూపించలేదు.

"వీధిలో కాదు. ఇంటికెళ్ళాక," అంది.

అంతే, ఇంట్లో అదే చట్టమైంది. బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ, పక్కన కొబ్బరినూనె డబ్బా మూత, అందులో బూడిద. వాడి తండ్రి బస్సు డ్రైవరు. బస్సులో ఎవడైనా సిగరెట్టు వెలిగిస్తే నడిరోడ్డు మీద బ్రేకు తొక్కి, మెడపట్టి దింపేసే మనిషి. ఇంట్లో మాత్రం పొగలోంచి చెయ్యి ఊపుకుంటూ వెళ్ళి పేపరు తెచ్చుకునేవాడు. "బయట ఎక్కడో దొంగచాటుగా తాగి పాడయ్యే కన్నా కళ్ళెదురుగా ఉండటం నయం కదా" అనేవాడు. కళ్ళెదురుగా పాడైతే పాడవడం కాదని ఆయనకెవరు చెప్పారో గాని, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ ముక్క పట్టుకుని హాయిగా నిద్రపోయారు. వాడు మాత్రం మెట్లెక్కి మూడో అంతస్తులో ఉన్న ఇంటికి వచ్చేసరికి గోడ పట్టుకుని దగ్గేవాడు. "చలిగాలి" అనేది తల్లి. ఎండాకాలంలోనూ అదే మాట.

వాడికి పదహారు రాబోతుండగా ఒక ఆదివారం మామయ్య భోజనానికి వచ్చాడు. చాలా నెలల తర్వాత రావడం. తిన్నాక పిల్లవాడు సిగరెట్టు నోట్లో పెట్టుకుని జేబులు తడుముకున్నాడు. అగ్గిపెట్టె లేదు. గిన్నెలు కడుగుతున్న కత్తక్క వెనక్కైనా తిరక్కుండా పొయ్యి పక్కనున్న అగ్గిపెట్టె తీసి వెనక్కి అందించింది. వాడు పుల్ల గీశాడు.

మామయ్య లేచిన విసురుకి బల్ల తిరగబడింది, గాజు జగ్గు ముక్కలైంది. వాడి నోట్లోంచి సిగరెట్టు లాగి, మండుతున్నది మండుతున్నట్టే గుప్పిట్లో నలిపేశాడు. రెండో చేత్తో చొక్కా పట్టుకుని వాణ్ణి బాల్కనీ పిట్టగోడ దాకా నెట్టుకుపోయాడు. గుండీలు ఊడి రాలాయి.

"ఎన్నాళ్ళ నుంచిరా? చెప్పు! ఎన్నాళ్ళ నుంచి?"

కత్తక్కకి అన్న కనిపించలేదు. మెట్ల మీద నాన్న కనిపించాడు. సబ్బు చేతులతోనే వచ్చి, పిడికిలి బిగించి ఆయన మూతి మీద గుద్దింది. ఆయన గదిలోకి వెనక్కి పడి, బీరువా అంచుకి తల తగిలి, నేల మీద కూర్చుండిపోయాడు. పెదవి చిట్లి గడ్డం మీదుగా నెత్తురు కారుతోంది.

"నా ఇంట్లో నా కొడుకు మీద చెయ్యెత్తితే అన్నవని కూడా చూడను!"

"ఏంటీ? ఈ పక్కకొచ్చి చెప్పు," అన్నాడాయన. ఆ స్థితిలో కూడా అలవాటుగా అదే మాట.

ఆవిడ పిడికిలి విడిపోయింది. కుడి పక్కకొచ్చి గాజు ముక్కల మధ్యే కూలబడింది. "నీ చెవి కోసమే అన్నయ్యా. నిన్ను అలా చూశాను కాబట్టే వాణ్ణి ఒక్క మాట అనలేదు."

"నేను వాణ్ణి కొట్టలేదే. కొట్టేవాణ్ణీ కాదు." ఆయన చొక్కా అంచుతో నోరు తుడుచుకున్నాడు. కాలిన అరచెయ్యి బొబ్బలెక్కుతోంది. "నాన్న కొట్టినందుకు నాకు ఇవాళ్టికీ కోపమే చెల్లీ. చచ్చిపోయాడు కాబట్టి సరిపోయింది. కానీ వద్దన్నందుకు మాత్రం ఏనాడూ కోపం రాలేదు. ముక్కూమొహం తెలియనివాడికి మచ్చ పడిన ఊపిరితిత్తి అమ్మవు కదా నువ్వు. నీ కొడుక్కి అగ్గిపెట్టె ఎలా అందించావే?"

ఇంకేం అనకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పిల్లవాడు పిట్టగోడకి ఆనుకుని, "మామయ్యకి పిచ్చెక్కింది" అన్నాడు.

తర్వాతి వారమంతా దుకాణంలో కత్తక్క కత్తి అదుపు తప్పింది. ఒకటికి మూడు వేట్లు పడుతున్నాయి, వేలు తెగింది, "ఏంటక్కా, మంచంమీంచి పడ్డావా?" అన్నవాణ్ణి బండబూతులు తిట్టింది. ఒకరోజు ఒక గొర్రెని చీల్చితే తిత్తికి ఒక అంచున బొగ్గు రాసినట్టు మచ్చ ఉంది. ఎప్పటిలాగే బకెట్లోకి విసరబోయి విసరలేకపోయింది. దాన్ని పట్టుకుని నిలబడే ఉంది, మోచేతుల దాకా నెత్తురు కారుతున్నా. కొనడానికొచ్చినావిడ "బాగుందా అది?" అని అడిగింది. కత్తక్క షట్టరు దించేసి, చేతిలో కత్తి చేతిలోనే ఉంచుకుని ఇంటికి బయల్దేరింది.

పిల్లవాడు బాల్కనీ కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ప్యాకెట్ వంటింటి గట్టు మీద ఉంది. ఆవిడ దాన్ని కూరలు తరిగే చెక్క మీద పెట్టి కత్తితో కొట్టింది. ఒకటి, మళ్ళీ ఒకటి. పొగాకు గచ్చంతా చిమ్మింది. చెక్క పగిలినా ఆపలేదు.

"ఏంటే అది? ఏం చేస్తున్నావ్?" వాడు పరిగెత్తుకొచ్చాడు.

"ఇవాళ్టితో సరి. ఇక వద్దు."

"వద్దేంటి? నువ్వే కదా తాగమన్నావ్!"

"నేనే అన్నా. తప్పు నాదే. వద్దు."

పుట్టి బుద్ధెరిగాక వాడు ఆ మాట తల్లి నోట వినలేదు. విన్నదాన్ని ఏం చేసుకోవాలో వాడికి తెలియలేదు. మొహం ఎర్రబడింది. "నువ్వెవరే నన్నాపడానికి?" అని అరిచి, అరచెయ్యి చాచి బలమంతా పెట్టి కొట్టాడు.

దెబ్బ చెంప మీద పడలేదు, ఎడమ చెవి మీద పడింది. తాతని వాడు కళ్ళతో చూసి ఎరగడు, వాడు పుట్టేనాటికే పోయాడు. అయినా అదే చెయ్యి, అదే చాపడం.

కత్తక్క గోడకి తగిలి నిలదొక్కుకుంది. తల్లోపల సన్నటి ఈల మోగుతోంది. కుడిచేతిలో కత్తి ఉంది. వాడు కొట్టిన చేతి వంక చూసుకుని, తర్వాత కత్తి వంక చూశాడు. రంగు పోయింది వాడి మొహంలో. ఆవిడ కత్తిని గట్టు అవతల తొట్టిలోకి గిరాటు వేసింది. ఎడమచేత్తో వాడి మణికట్టు దొరకబుచ్చుకుంది. గిలగిల్లాడే జీవాన్ని పట్టి పట్టి అలవాటైన చెయ్యి అది, వాడెంత గింజుకున్నా రాలేదు. ఖాళీ అయిన కుడిచెయ్యి తనంతట తనే పైకి లేచింది. వేళ్ళు కలిపి, అరచెయ్యి చాచి, వాడి చెవి ఎత్తుకి వచ్చి గాల్లో ఆగింది. వాడు కళ్ళు మూసుకున్నాడు.

తన చెయ్యి వంక ఆవిడ అలాగే చూసింది. కొట్టాలని ఉంది, చచ్చేంతగా ఉంది. మెల్లగా దించి, ఆ చేత్తో వాడి రెండో మణికట్టు కూడా పట్టుకుంది.

"కొట్టను. వదలను కూడా. తన్నుకో, కొరుకు, నీ ఇష్టం. సిగరెట్టు మాత్రం లేదు."

వాడు నిజంగానే తన్నాడు, కొరికాడు, ఆవిడ ముంజేతి మీద పళ్ళు దిగాయి. పట్టు సడలలేదు. చాలాసేపటికి వాడి భుజాలు జారిపోయాయి. కన్నీళ్ళూ చీమిడీ కలిసి కారుతుంటే తల వాల్చి, ఆవిడ ఎడమ భుజం దగ్గర ఏదో అన్నాడు. పెదవులు కదలడం తెలుస్తోంది గాని మాట అందడం లేదు. ఆవిడ తల విదిలించింది. ఈల తప్ప ఇంకేం లేదు.

"ఈ పక్కకొచ్చి చెప్పు," అంది.

అనేశాక గాని ఏమన్నదో ఆవిడకే తెలియలేదు. వాడికి మాత్రం వెంటనే తెలిసింది. తల్లి చెవి వంక చూశాడు, తమ్మె కింద సన్నగా నెత్తురు. ఒక చెయ్యి గోడకి ఆనించబోయాడు, ఆవిడ పట్టు వదల్లేదు. ఆ పట్టులోనే, చిన్నప్పుడు మామయ్య చుట్టూ తిరిగినట్టు, తల్లి చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చాడు.

"చెప్పు నాన్నా, వింటున్నా."

వాడు నోరు తెరిచాడు. మాట రాకముందే దగ్గొచ్చింది, నడుం వంగిపోయేంత దగ్గు. ఇన్నాళ్ళూ చలిగాలి అనుకున్న ఆ దగ్గు ఆవిడకి ఇప్పుడు ఒక చెవితోనే వినిపించింది.